శ్రీసభ పండితులు ఎవరు? వాళ్లు రాసిందంతా నమ్మి తీరాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "కతోలిక క్యాలెండర్‌లో కొందరు పునీతుల పేరు పక్కన 'శ్రీసభ పండితులు' అని ఉంటుంది. ఈ బిరుదు ఎవరిస్తారు, ఏం చూసి ఇస్తారు? పెద్దగా చదువుకోనివాళ్లకు కూడా ఇచ్చారట, నిజమేనా? వాళ్లు రాసినదాంట్లో తప్పు ఉండడానికి వీల్లేదా? చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?"

చాలా ఏళ్లు పెద్దవాళ్లకు సత్యోపదేశం క్లాసులు చెప్పాను కాబట్టి ఈ నాలుగూ నాకు బాగా పరిచయమైన ప్రశ్నలే. మొదటిదాన్ని త్వరగా ముగిస్తాను. మూడోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, జనం ఎక్కువగా పొరబడేది అక్కడే.

శ్రీసభ అంటే కతోలిక క్రైస్తవ సంఘం, పునీతులు అంటే ఆ సంఘం పవిత్రులుగా ప్రకటించినవాళ్లు (సెయింట్లు). ఇప్పటికి ఈ బిరుదు 38 మందికి ఉంది. అందరికంటే చివర, 2025 నవంబరు 1న, పోపు 14వ లియో జాన్ హెన్రీ న్యూమన్‌ను ఈ వరుసలో చేర్చారు. షరతులు మూడు. బోధ అసాధారణమైనదై ఉండాలి, జీవితం పవిత్రమైనదై ఉండాలి, ఆ రెండూ ఉన్నాయని శ్రీసభ అధికారికంగా ప్రకటించాలి. ప్రకటించే అధికారం పోపుకూ సర్వసభ మహాసభకూ (లోకమంతటి బిషప్పుల సమావేశానికీ) ఉందంటారు గానీ, ఆచరణలో ఇచ్చినవాళ్లు పోపులే. దానికి ముందు వాటికన్‌లో పునీతుల వ్యవహారాలు చూసే విభాగం ఫైలు నడుపుతుంది, బోధ సంగతి తేల్చడానికి విశ్వాస సిద్ధాంత విభాగం అభిప్రాయం అడుగుతుంది. పునీత పట్టా విషయంలోలాగా అద్భుతాలు రుజువు చేసే పని ఇక్కడ ఉండదు. ఆ మనిషి అప్పటికే పునీతుడు కదా. ఇక్కడ తేల్చాల్సింది ఒక్కటే: ఈయన బోధ తన కాలాన్నీ తన ఊరినీ దాటి మొత్తం శ్రీసభకు పనికొస్తుందా?

మూడు షరతుల్లో ఏది తగ్గినా బిరుదు రాదు. ఒరిజెన్‌ను తీసుకోండి. 3వ శతాబ్దంలో బైబిలు మీద ఆయన చేసినంత పని ఇంకెవరూ చేయలేదు, తర్వాత వచ్చిన పండితుల్లో సగం మంది ఆయన దగ్గర అప్పు తీసుకున్నవాళ్లే. అయినా ఆయన పునీతుడు కాడు, కాబట్టి పండితుడూ కాడు. లాటిన్‌లో క్రైస్తవ సిద్ధాంతానికి భాష సమకూర్చిన తెర్తుల్లియన్‌దీ అదే కథ, చివరికి ఆయన శ్రీసభ తప్పుబట్టిన మొంతానిస్టులనే వర్గం వైపు వెళ్లిపోయాడు. ఇటు అస్సీసీ ఫ్రాన్సిస్‌నూ జాన్ వియాన్నీనీ లోకమంతా గౌరవిస్తుంది. కానీ వాళ్ల ఘనత వాళ్లు బతికిన తీరులో ఉంది, రాసి ఇచ్చిన బోధలో కాదు. అందుకే ఈ పట్టికలో వాళ్ల పేర్లు కనబడవు. మరి పౌలు, యోహాను ఎందుకు లేరని అడుగుతారు కొందరు. వాళ్లు రాసింది పరిశుద్ధ గ్రంథం. పండితుల పని ఆ గ్రంథాన్ని వివరించడం.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1298లో పోపు 8వ బోనిఫేస్ పశ్చిమ దేశాల నలుగురికి ఈ గౌరవాన్ని ఖరారు చేశారు: అంబ్రోసు, అగస్టీను, జెరోము, మహా గ్రెగరీ. 1567లో పోపు 5వ పయస్ థామస్ అక్వినాస్‌ను చేర్చారు. మరుసటి ఏడే తూర్పు వైపు నుంచి అథనాసియుస్, బాసిల్, నాజియాంజు గ్రెగరీ, యోహాను క్రిసోస్తోము వచ్చారు. 1588లో పోపు 5వ సిక్స్తుస్ బొనవెంతూరను చేర్చారు. 5వ పయస్ దొమినికన్ సన్యాస సభవాడు, అక్వినాస్ కూడా దొమినికనే. 5వ సిక్స్తుస్ ఫ్రాన్సిస్కన్, బొనవెంతూర కూడా ఫ్రాన్సిస్కనే. బిరుదుకు వాళ్లు తగరని కాదు, పోపులు కూడా మనుషులేనని గుర్తు చేయడానికి చెబుతున్నాను. ఆ తర్వాత సంఖ్య నెమ్మదిగా పెరిగింది. అల్ఫోన్సుస్ లిగోరికి మరణించిన 84 ఏళ్లకే, 1871లో, బిరుదు వచ్చింది. ఇరెనేయుస్‌కు దాదాపు 1,800 ఏళ్లు పట్టింది.

ఇరెనేయుస్‌కు అంత ఆలస్యం ఎందుకైంది? రెండో శతాబ్దంలో రహస్య జ్ఞానంతోనే రక్షణ అన్న జ్ఞానవాదుల బోధకు ఒక్కో అంశం తీసుకుని జవాబు రాసిన లియోన్ పీఠాధిపతి (బిషప్పు) ఆయన. ఆయన్ను పండితుడు కాదనడానికి ఎవరికీ నోరు రాదు. అడ్డు ఇంకో వైపు నుంచి వచ్చింది. ఆయన్ను వేదసాక్షిగా గౌరవిస్తారు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లకు పూజాక్రమంలో వేదసాక్షి గౌరవమే పెద్దది, దాని మీద ఇంకో బిరుదు పెట్టకూడదన్నది పాత ఆనవాయితీ. అందుకే కార్తేజు సిప్రియన్, అంతియోకియా ఇగ్నాసియుస్, జస్టిన్ లాంటి గట్టి రచయితలు ఈ పట్టికలో లేరు. పోపు ఫ్రాన్సిస్ 2022 జనవరి 21న ఆ ఆనవాయితీని పక్కన పెట్టి ఇరెనేయుస్‌ను చేర్చారు, 'ఐక్యతా పండితుడు' అన్నారు. దారి ఒకసారి తెరుచుకుంది కాబట్టి సిప్రియన్ పేరు కూడా ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నా అంచనా. అంచనా మాత్రమే సుమా.

ఇలాంటి మలుపే 2015లో కూడా ఒకటి వచ్చింది. ఆ ఏడు పండితుడైన నారెక్ గ్రెగరీ వెయ్యేళ్ల కిందటి ఆర్మేనియా సన్యాసి, కవి. 95 ప్రార్థనలతో ఒక శోక గ్రంథం రాశాడు, ఆర్మేనియన్లు దాన్ని బైబిలు తర్వాత అంతటిదిగా చూసుకుంటారు. ఆయన బతికిన ఆర్మేనియా శ్రీసభకు అప్పటికి రోముతో పూర్తి ఐక్యత లేదు. అయినా బిరుదు ఇచ్చారు. న్యూమన్ 1801లో పుట్టి 1845 దాకా ఆంగ్లికన్‌గానే ఉన్నాడు, అంటే జీవితంలో దాదాపు సగం. బిరుదు ఇచ్చేటప్పుడు మనిషి ఎక్కడ పుట్టాడు, ఏ వరుసలో నిలబడ్డాడు అన్నదానికంటే ఆ బోధ ఎటు తీసుకెళ్తుందో చూస్తున్నారని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక రెండో ప్రశ్న. చదువుకోనివాళ్లకు ఇచ్చారన్నది నిజమే.

ఈ వరుసలో స్త్రీలు నలుగురు: ఆవిలా తెరెసమ్మ, సియేనా కతరీనమ్మ, లిసియు చిన్న తెరెసమ్మ, బింగెన్ హిల్డెగార్డ్. మొదటి ఇద్దరికీ 1970లో వారం తేడాతో పోపు 6వ పాల్ బిరుదు ఇచ్చారు. అంతకు ముందు స్త్రీలెవరూ లేరు. ఆవిలా తెరెసమ్మకు ఇవ్వమని 20వ శతాబ్దం తొలి భాగంలోనే అడిగితే, స్త్రీ కావడమే అడ్డంకి అని రోము నుంచి జవాబు వచ్చిందని చెబుతారు. ఆమె 1577లో కొద్ది నెలల్లో రాసిన 'అంతరంగ దుర్గం' చదివితే ఆ జవాబు ఎంత పేలవమైనదో తెలుస్తుంది. ప్రార్థనలో మనిషి లోపల ఏం జరుగుతుందో, ఏ దశలో ఎలా మోసపోతాడో ఆమె అంత నిశితంగా రాసిన మగ వేదాంతులు చాలా తక్కువ. పైగా ఆమె హాస్యం.

కతరీనమ్మ మఠవాసిని అనుకుంటారు చాలామంది. కాదు, ఆమె దొమినికన్ మూడో సభలో (మఠం బయట ఉండేవాళ్ల శాఖలో) చేరిన సామాన్య విశ్వాసి, సొంత ఇంట్లోనే ఉండేది. చిన్నప్పుడు బడికి వెళ్లలేదు. చదవడం పెద్దయ్యాక వచ్చింది, రాయడం ఇంకా ఆలస్యంగా. లేఖలు చెప్పి రాయించేది. అలా రాయించినవి 380 దాకా ఇప్పటికీ ఉన్నాయి. రోము వదిలి ఇప్పటి ఫ్రాన్సులోని అవిన్యోన్‌లో కూర్చున్న పోపు 11వ గ్రెగరీకి "ధైర్యం తెచ్చుకుని రోముకు తిరిగి రండి" అన్న ధోరణిలో ఆమె పంపిన లేఖలు చదవండి. వినయం, మందలింపు ఒకే వాక్యంలో ఉంటాయి. ఆయన 1377లో రోము చేరుకున్నారు. ఆమె ఒక్కతే కారణమని చరిత్రకారులు ఒప్పుకోరు, నేనూ అనను. 1380లో, 33 ఏళ్లకు, ఆమె చనిపోయింది.

అందరికంటే ఎక్కువ సందేహాలు చిన్న తెరెసమ్మ మీదే వస్తాయి. 15 ఏళ్లకు కార్మెల్ మఠంలో చేరింది, 24 ఏళ్లకు క్షయతో పోయింది. యూనివర్సిటీ గుమ్మం తొక్కలేదు. రాసింది మూడు నోటు పుస్తకాలు, కొన్ని లేఖలు, కవితలు, చిన్న నాటికలు. 1997లో పోపు రెండవ జాన్ పాల్ ఆమెను అగస్టీను, అక్వినాస్‌ల పక్కన కూర్చోబెట్టినప్పుడు "ఇందులో పాండిత్యం ఎక్కడుంది?" అని ఈర్ష్యతో కాకుండా నిజాయితీగానే అడిగినవాళ్లున్నారు.

దానికి జవాబు ఆమె బతికిన కాలంలో ఉంది. అప్పటి ఫ్రాన్సులో భక్తి అంటే భయం బాగా కలిసి ఉండేది. దేవుని న్యాయతీర్పు నుంచి పాపుల్ని తప్పించడానికి తమను బలిగా ఆ న్యాయానికి అర్పించుకునే మఠవాసినులు ఉండేవారు, అది గొప్ప పుణ్యంగా చెలామణి అయ్యేది. తెరెసమ్మ వాళ్లను విమర్శించలేదు. 1895 జూన్ 9న తనను తాను అర్పించుకుంది, న్యాయానికి కాదు, దేవుని కనికరప్రేమకు. అక్కడ సిద్ధాంతం మొత్తం పక్కకు తిరిగింది. తాను చిన్నదాన్ని, పెద్ద తపస్సులు చేయలేను, కాబట్టి మోయాల్సింది ఆయనే అన్న నమ్మకాన్ని ఆమె సువిశేషం నుంచీ పౌలు లేఖల నుంచీ ఏరి తెచ్చింది. కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 12, 13 అధ్యాయాలు చదువుతూ తన పిలుపు ప్రేమేనని కనుక్కున్న ఘట్టం రెండో నోటు పుస్తకంలో ఉంది. ఇంకో సంగతి. పూలు, గులాబీలు అంటూ ఆమె బొమ్మ చుట్టూ మనం అల్లిన తీపి కబుర్లలో పడి, ఆమె చివరి 18 నెలలు చాలామంది చూడరు. 1896 ఈస్టరు నుంచి ఆమెకు పరలోకం ఉందన్న ఊహే చీకటైపోయింది. నమ్మకం లేనివాళ్ల బల్ల దగ్గర తానూ కూర్చున్నానని రాసుకుంది. ఆ చీకట్లో ఉండి కూడా విశ్వాసాన్ని వదలకపోవడం గురించి ఆమె రాసిన పేజీలు, పెద్ద పెద్ద సిద్ధాంత గ్రంథాలు మాట్లాడని చోట మాట్లాడతాయి. నా దృష్టిలో ఆమెకు బిరుదు సంపాదించి పెట్టినవి ఆ పేజీలే.

మూడో ప్రశ్న: వాళ్లు రాసింది తప్పు కావడానికి వీల్లేదా?

వీలుంది. ఈ బిరుదుకూ పొరపడరాని అధికారానికీ సంబంధమే లేదు. "ఈయన్ను చదవండి, మేలు జరుగుతుంది" అని శ్రీసభ గట్టిగా సిఫార్సు చేస్తోంది, అంతే. ప్రతి వాక్యం మీదా ముద్ర వేయడం లేదు.

అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ మరియమాత నిష్కళంకోద్భవం, అంటే ఆమె తల్లి గర్భాన పడిన క్షణం నుంచే జన్మపాపం అంటలేదన్న బోధ. 12వ శతాబ్దంలో లియోన్‌లో ఆ పండుగ మొదలుపెడితే క్లైర్వో బెర్నార్డు అభ్యంతరం చెబుతూ లేఖ రాశాడు. మరియమాత మీద ఆయనకున్నంత భక్తి ఇంకెవరికీ ఉండదని పేరు. అక్వినాస్ కూడా తన సిద్ధాంత మహాగ్రంథం 'సుమ్మా' మూడో భాగంలో ఆ బోధను ఒప్పుకోలేదు: ఆమె పుట్టకముందే పవిత్రపరచబడింది గానీ, గర్భాన పడిన క్షణం నుంచి కాదు అన్నాడు. 1854 డిసెంబరు 8న పోపు 9వ పయస్ ఆ బోధను విశ్వాస సత్యంగా ప్రకటించారు. అంటే ఈ విషయంలో ఇద్దరు పండితులు అవతలి పక్షాన ఉన్నారు. మధ్యయుగంలో ఆ బోధను అందరికంటే చురుగ్గా సమర్థించిన డన్స్ స్కోటస్ సంగతి? ఆయన 1993లో ధన్యుడయ్యాడు (పునీత పట్టాకు ముందు మెట్టు), ఇప్పటికీ పండితుడు కాడు. వాదం గెలిచినవాళ్లకు ఇచ్చే కప్పు కాదిది.

అక్వినాస్ గురించే ఇంకొంచెం. ఆయన పోయిన మూడేళ్లకు, 1277లో, పారిస్ పీఠాధిపతి 219 ప్రతిపాదనలను ఖండిస్తే వాటిలో కొన్ని ఆయన బోధకు తగిలాయి. 1323లో ఆయనకు పునీత పట్టా వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు పారిస్ పీఠమే ఆయనకు తగిలినంత మేరకు ఆ ఖండనను ఉపసంహరించుకుంది. ఇప్పటి శ్రీసభ చట్టం, 252వ సూత్రంలో, గురువులు కావడానికి చదివేవాళ్లు ముఖ్యంగా థామస్‌ను బోధకుడిగా పెట్టుకుని సిద్ధాంతం నేర్చుకోవాలని చెబుతుంది. అనుమానించిన మనిషినే ఆదర్శంగా పెట్టుకోవడానికి శ్రీసభకు కొన్ని తరాలు పట్టింది.

అగస్టీనైతే ఈ పని తనే చేశాడు. జీవితం చివర్లో, 426, 427 ప్రాంతాల్లో, అంతకుముందు రాసిన పుస్తకాలన్నీ ముందేసుకుని ఎక్కడెక్కడ పొరబడ్డాడో, ఎక్కడ ఇంకా బాగా చెప్పాల్సిందో ఒక్కొక్కటిగా రాసి పెట్టాడు. దాన్నే ఒక పుస్తకంగా విడుదల చేశాడు. ఈయన్ను తప్పు పట్టడానికి వీల్లేదని వాదించే అభిమానులు ముందు ఆ పుస్తకం చదవాలి.

పండితులు ఒకరితో ఒకరు విభేదించారు కూడా. అంతియోకియాలో పౌలు పేతురును అందరి ముందూ నిలదీసిన ఘట్టం గలతీయుల లేఖలో ఉంది కదా. అది ఇద్దరూ కలిసి శిష్యుల మేలు కోసం ఆడిన నాటకం లాంటిదని జెరోము వివరించాడు. అలాగైతే లేఖనంలోనే అబద్ధం ఉన్నట్టవుతుంది కదా అని అగస్టీను లేఖ మీద లేఖ రాశాడు. జెరోముకు కోపం వచ్చింది, ఆయనకు రావడం పెద్ద విశేషమేం కాదు. లోకానికి ఒక ప్రారంభం ఉందని తర్కంతో నిరూపించవచ్చని బొనవెంతూర, విశ్వాసం వల్ల తెలుస్తుంది గానీ తర్కంతో తేలదని అక్వినాస్ వాదించారు. ఇద్దరూ 1274లోనే పోయారు, ఇద్దరూ పండితులే. కాబట్టి "ఒక పండితుడు ఇలా అన్నాడు, ఇక నోరు మూసుకోండి" అనే పద్ధతి వాళ్లకే తెలియదు.

దీని పక్కనే ఇంటర్నెట్ సమస్య ఒకటుంది. పండితుల పేరుతో తిరిగే కొటేషన్లలో చాలా వాళ్లవి కావు. "ఇప్పుడు క్రీస్తుకు మీ చేతులు తప్ప వేరే చేతులు లేవు" అన్న మాట ఆవిలా తెరెసమ్మదని అందరూ షేర్ చేస్తారు, ఆమె రచనల్లో అది దొరకదు. "పాడేవాడు రెండుసార్లు ప్రార్థిస్తాడు" అన్నది అగస్టీను రచనల్లో ఆ రూపంలో లేదు. పాట ప్రేమించేవాడిది అన్న అర్థంలో ఒక ప్రసంగంలో అన్నాడు, అంతవరకే. పుస్తకం పేరు, అధ్యాయం లేని కొటేషన్ కనబడితే దాన్ని ముందుకు పంపకండి.

చివరి ప్రశ్న, ఎవరితో మొదలుపెట్టాలి. సుమ్మాతో మాత్రం వద్దు. అది చెడ్డదని కాదు, దాని అమరిక తెలియకుండా తెరిస్తే తలకిందులుగా అర్థమవుతుంది. ప్రతి అంశం దగ్గరా అక్వినాస్ ముందు ఎదుటివాళ్ల వాదాలు పెడతాడు, అవి కూడా వాళ్లకంటే బలంగా. దేవుడున్నాడా అన్న అంశం "దేవుడు లేడనిపిస్తుంది" అని మొదలవుతుంది. ఆ తర్వాత ఒక ప్రమాణ వాక్యం, ఆ తర్వాత "నా జవాబు" అంటూ తన మాట, చివరగా మొదటి వాదాలకు ఒక్కొక్కదానికీ సమాధానం. పైన పెట్టిన అభ్యంతరాన్నే ఆయన అభిప్రాయంగా కోట్ చేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. అందుకే కొన్నాళ్లాగి, "నా జవాబు" భాగాలు మాత్రమే ముందు చదివి, తర్వాత పైకి వెళ్లండి.

ఉద్యోగం, ఇల్లు, పిల్లల మధ్య టెన్షన్లలో ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఫ్రాన్సిస్ దె సాల్స్ 1609లో ప్రచురించిన 'భక్తి జీవితానికి ప్రవేశిక'. మఠాల్లో ఉన్నవాళ్ల కోసం కాకుండా, లోకంలో బతికే ఒక గృహిణికి రాసిన సలహాల నుంచి పుట్టిన పుస్తకం అది. సైనికుడి భక్తి, కూలివాడి భక్తి, పెళ్లయినవాళ్ల భక్తి ఒకేలా ఉండవని అందులో తేల్చి చెబుతాడు. అధ్యాయాలు చిన్నవి, రోజుకొకటి చాలు.

కథలా చదవాలనుకుంటే అగస్టీను 'ఒప్పుకోళ్లు' తీసుకోండి. మొదటి తొమ్మిది భాగాలు చదివి ఆపినా నష్టం లేదు. పదో భాగం నుంచి జ్ఞాపకం, కాలం, సృష్టి గురించిన లోతైన చర్చ, అది రెండోసారి చదివినప్పుడు రుచిస్తుంది. జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్నవాళ్లకు, లేదా వాళ్లకు బోధించేవాళ్లకు యెరూషలేము సిరిల్ ఉపదేశాలు బాగుంటాయి. 4వ శతాబ్దంలో సరిగ్గా అలాంటివాళ్ల ముందే ఇచ్చినవి కాబట్టి ఎక్కడా గాల్లో తేలవు.

చిన్న తెరెసమ్మ ఆత్మకథను వదలొద్దు, కానీ ప్రతి చూసి కొనండి. ఆమె పోయిన ఏడాదికి, 1898లో, వచ్చిన ముద్రణను ఆమె అక్క పౌలిన్ బాగా దిద్దింది. అసలు రాతప్రతులు 1956లో గానీ బయటికి రాలేదు. ముందుమాటలో ఆ రాతప్రతుల ఆధారంగా వేశామని ఉంటే ఆ ప్రతి తీసుకోండి. మొదటి యాభై పేజీల్లో చిన్నతనపు ముచ్చట్లు అతిగా తియ్యగా అనిపించి విసుగొస్తే, నేరుగా రెండో నోటు పుస్తకానికి వెళ్లండి. అది చిన్నది, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.